కలబంద పూల డబ్బా

పెన్ను మూత తీసి తల్లి చేతికిచ్చింది శ్యాంబాబే.

"రాసెయ్యమ్మా. మనం దాచేదేముంది? కలబంద పూలు, నువ్వుల నూనె, తేనెమైనం. మూడు ముక్కలు రాసి సంతకం పెట్టు. సూర్యకళగారికీ మనశ్శాంతి, మనకీ మనశ్శాంతి."

సంపూర్ణమ్మ కళ్ళజోడు సర్దుకుని అట్ట ఒళ్ళో పెట్టుకుంది. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో పిల్లలకి అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. అయిదేళ్ళుగా వణుకు పట్టుకుంది గాని, నెమ్మదిగా రాస్తే అక్షరం ఇప్పటికీ గీత దాటదు.

వరండాలో ఎదురుగా కుర్చీ అంచు మీద సూర్యకళ కూర్చుని ఉంది. వీధి చివరి అంగన్‌వాడీలో టీచరు. ఒకప్పుడు మూడో తరగతిలో సంపూర్ణమ్మ దగ్గర చదువుకున్న పిల్ల. కొంగు బుగ్గల దాకా లాక్కుని వచ్చింది. గేటు దాటి లోపలికి వచ్చాక ఒక్కసారి తీసి చూపించి, మళ్ళీ కప్పుకుంది.

ఆ ఒక్కసారి చూసింది సంపూర్ణమ్మ కళ్ళముందు నుంచి పోవడం లేదు. బుగ్గలు రెండూ కమిలిపోయి ఉన్నాయి. చర్మం బాగా పల్చబడి, కింద సన్నటి ఎర్ర నరాలు తేలాయి. గడ్డం చుట్టూ నూగు మొలిచింది.

నిన్న సూర్యకళ బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళి స్కిన్ డాక్టరుకి చూపించుకుంది. ఏం రాస్తున్నావమ్మా అని ఆయన అడిగితే సంచీలోంచి డబ్బా తీసి చూపించింది. పచ్చటి డబ్బా, మూత మీద కళ్ళజోడుతో నవ్వుతున్న సంపూర్ణమ్మ ఫొటో, కింద 'సంపూర్ణ కలబంద పూల క్రీము' అన్న పేరు. ఆయన మూత తీసి వాసన కూడా చూడలేదట. ఆమె మొహం చూసే చెప్పారట, ఇందులో స్టెరాయిడ్ కలిపారని.

"ఆయన అబద్ధం చెప్పరండి," అంది సూర్యకళ. "మీరూ చెప్పరు. ఎవర్ని నమ్మాలో నాకు తెలియట్లేదు టీచరుగారూ. మీ చేత్తో రాసిస్తే సోమవారం ఆయన దగ్గరికి పట్టుకెళ్తాను. ఇది కాదు, నా ఒంట్లోనే ఏదో జబ్బు ఉందనుకుంటాను. మందులు వాడుకుంటాను."

సంపూర్ణమ్మకి అర్థమైంది. తన మీద నమ్మకం పోగొట్టుకోలేక ఈ పిల్ల లేని జబ్బుని ఒప్పుకోవడానికి సిద్ధపడుతోంది. ఇంకేం ఆలోచించకుండా కాగితం మీద పెన్ను పెట్టింది. 'నేను, సంపూర్ణమ్మ, రిటైర్డు టీచర్ని' అని రాసింది.

"మామ్మా, రాయకు."

మాట పక్కగది గుమ్మంలోంచి వచ్చింది. ఆశాజ్యోతి అక్కడ నిలబడి ఉంది. శ్యాంబాబు ఒక్కగానొక్క కూతురు, రాజమండ్రిలో నర్సింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. జ్వరమని చెప్పి వారంరోజులుగా కాలేజీకి వెళ్ళలేదు. గది దాటి రాలేదు. అన్నం కంచం కూడా తల్లే లోపలికి అందించింది.

ఇప్పుడు మొహానికి చున్నీ లేదు. బుగ్గలు, నుదురు, గడ్డం అన్నీ ఎర్రగా పొంగి, పొట్టు రేగుతున్నాయి.

శ్యాంబాబు లోపలికి వెళ్ళమని గద్దించాడు. ఆ పిల్ల కదల్లేదు. సూర్యకళ ఆ మొహాన్ని చూసింది, చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా లేచి, తన కొంగు తలమీద నుంచి జార్చేసింది. ఇక కప్పుకోవలసిన పని లేనట్టుగా.

"నేనింకేం అడగనండి," అంది. "అంగన్‌వాడీకి వచ్చే తల్లులందరికీ నేనే చెప్పానండి. మా టీచరుగారు చేసింది, కళ్ళు మూసుకుని వాడండని. ఆ సంగతి మీకు చెప్పకుండా వెళ్తే బాగోదు."

డబ్బా బల్ల మీద పెట్టేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది. సంపూర్ణమ్మ పేరు పెట్టి పిలిచింది. సూర్యకళ వెనక్కి తిరగలేదు.

*

హాల్లో నేలమీద పాతచీర పరిచి ఉంది. పొద్దున కోసిన కలబంద పూలకాడలు దానిమీద ఆరుతున్నాయి. ఇంటి కోడలు ప్రిస్కిల్లా ఇంతసేపూ అక్కడే కూర్చుని, తల ఎత్తకుండా కాడల నుంచి పసుపు పూలు దూసి చాటలో పోస్తోంది. బయట అంత జరిగినా ఆమె చేతులు ఆగలేదు.

సంపూర్ణమ్మ గోడ పట్టుకుని వచ్చి ఆమె ఎదురుగా వెదురు మోడా మీద కూర్చుంది.

"ఏం కలిపావు ప్రిస్కిల్లా?"

ప్రిస్కిల్లా ఇంకో కాడ అందుకుంది. చప్పుడు కూడా వినపడనంత నెమ్మదిగా పూలు చాటలో పడుతున్నాయి. శ్యాంబాబు వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. కూతురు మీద విరుచుకుపడ్డాడు. ఇంటి పరువు వీధిలో పెట్టావన్నాడు. ఒక్క కాగితంతో పోయేదాన్ని పెంట చేశావన్నాడు. ఆశాజ్యోతి గోడకి ఆనుకుని వింటూ ఉండిపోయింది.

సంపూర్ణమ్మ మళ్ళీ అడగలేదు. కోడలి చేతుల్నే చూస్తూ కూర్చుంది. ఆ పని ఆమెకి నేర్పింది తనే. చలి వెనకబడే వేళకి దొడ్లో కలబంద గుబుర్ల మధ్యలోంచి కాడలు లేస్తాయి. ఎండెక్కకముందే కొయ్యాలి. నాలుగు కాడలకి ఒకటి తేనెటీగలకి వదిలెయ్యాలి. ఆకు కోసినప్పుడు కారే పసుపు రసం పూలకి తగలనివ్వకూడదు, ఒంటికి పడితే దురద పెడుతుంది. రెండురోజులు నీడలో ఆరనిచ్చి, నువ్వుల నూనెలో సన్నసెగ మీద పూలు కరకరలాడేదాకా కాచి వడకట్టాలి. అంతే.

ఆ నూనె సంపూర్ణమ్మ తల్లి కాచేది, తర్వాత ఆమె కాచింది. పసిపిల్లల చెమటకాయలకి, మడమల పగుళ్ళకి, నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్ళ కాలివేళ్ళ సందులు ఒరుసుకుపోతే వాటికీ ఇచ్చేది. ఎండలో కమిలిన మొహాలకి రాసుకోమనేది. ఎండిన పూలు నాలుగు వేడినీళ్ళలో వేసి గొంతు నొప్పన్నవాళ్ళకి తాగించేది. దగ్గు తగ్గుతుందా అని అడిగితే, గొంతుకి హాయిగా ఉంటుంది, రెండురోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళమనేది. అంతకు మించి ఆ పూల గురించి ఆమె ఎన్నడూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

చేతులు వణకడం మొదలయ్యాక కాచే పని కోడలు తీసుకుంది. నూనె అయితే సీసాల్లోంచి కారిపోతోందని మైనం కలిపి క్రీము చేస్తున్నానంది. మంచిదే అనుకుంది సంపూర్ణమ్మ. ఫొటో అడిగితే కళ్ళజోడు తుడుచుకుని మరీ దిగింది.

"ఉత్తదే ఇచ్చానండి మొదట," అంది ప్రిస్కిల్లా హఠాత్తుగా.

తల ఎత్తకుండానే చెప్పుకుపోయింది. ఆశాజ్యోతి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా మొదలైందట. చర్చి క్వయర్లో ముందు వరసలో పాడే పిల్ల, క్రిస్మస్ పాటలకి వెనక వరసలో దాక్కోవడం మొదలుపెట్టిందట. ఎందుకని అడిగితే చెప్పలేదట. ఒకరోజు ఆమె ఫోన్లో క్లాసు పిల్లలు పెట్టిన పేర్లు తల్లి చూసింది. అవేమిటో ప్రిస్కిల్లా ఇప్పుడు కూడా నోటితో చెప్పలేదు. ఆ తర్వాత ఒక పెళ్ళిలో ఎవరో, తల్లీకూతుళ్ళని పక్కపక్కనే నిలబెట్టి, ఈ నల్లపిల్ల మీ అమ్మాయేనా అని నవ్వుతూ అడిగారట.

మెడికల్ షాపు అతను ఒక ట్యూబు ఇచ్చాడు. వారంలో తేడా చూడండి అన్నాడు. తెల్లబడే మందని చెప్తే కూతురు చిన్నబుచ్చుకుంటుందని, ఆ ట్యూబు అత్తగారి పూల నూనెలో కలిపి, మామ్మ ఇచ్చింది రాసుకో అని ఇచ్చింది.

నిజంగానే వారంలో మొహం తేటగా అయ్యింది. మచ్చలు పోయాయి. పిల్ల మళ్ళీ ముందు వరసలోకి వచ్చి నిలబడింది.

"అది పాడుతుంటే చూసి ఏడ్చానండి. ఆ రోజు నేను చేసింది తప్పనిపించలేదు. అందరూ అడిగారు, ఏం రాస్తున్నావు పిల్లకని. మా అత్తయ్యగారి కలబంద పూల నూనె అని చెప్పాను. ఇంకేం చెప్పమంటారు? నా కూతురికి మందు రాసి తెల్లగా చేశానని చెప్పుకోనా?"

అడిగినవాళ్ళకి కొన్నాళ్ళు పూల నూనెనే ఇచ్చింది. నెల తిరక్కుండా వెనక్కి తెచ్చారు. మీ అమ్మాయికి పనిచేసింది మాకెందుకు చెయ్యలేదన్నారు. తనకొకటి, ఊరికొకటి ఇస్తోందని చర్చి వరండాలోనే ఒకావిడ అంది. అప్పుడు కలిపింది. తర్వాత ఆపడానికి దారి కనపడలేదు.

"తెల్లబడతారని నేనెప్పుడైనా అన్నానా?" అంది సంపూర్ణమ్మ.

"మీరు అనలేదండి. డబ్బా అడుగున సన్నక్షరాలతో నేను రాయించాను."

వీధిలో కూరగాయల ఆటో మైకు అరుచుకుంటూ వెళ్ళిపోయింది. సంపూర్ణమ్మ కొడుకు వైపు తిరిగింది. శ్యాంబాబు పనిచేసే ప్రైవేటు కాలేజీ ఆఫీసు మూతపడి రెండేళ్ళు దాటింది. అప్పటి నుంచి క్రీము డబ్బాలు ఊళ్ళకి చేరవేసేది అతనే.

"నీకు తెలుసా?"

అతను కిటికీ దగ్గరకి వెళ్ళి నిలబడ్డాడు.

"ట్యూబులు డాడీయే తెస్తారు మామ్మా," అంది ఆశాజ్యోతి. "ఒకే షాపులో అడిగితే అనుమానం వస్తుందని, ఒక్కోసారి ఒక్కో షాపు."

సంపూర్ణమ్మకి పెన్ను గుర్తొచ్చింది. ఇంకా తన చేతిలోనే ఉంది. దాన్ని చూసి, కొడుకుని చూసింది.

"తెలిసే ఇది నా చేతికిచ్చావా?"

"నువ్వు రాస్తే అది అబద్ధం కాదు కదమ్మా," అన్నాడు శ్యాంబాబు కిటికీలోంచి బయటికి చూస్తూ. "నీకు తెలియదు. తెలియకుండా రాసింది తప్పెలా అవుతుంది? అందుకే నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు."

ఆ మాట అతను కోపంతో అనలేదు. బాగా ఆలోచించి పెట్టుకున్న మాటని నెమ్మదిగా చెప్పాడు. సంపూర్ణమ్మ పెన్ను చాట పక్కన పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తన చేతుల్ని తనే చూసుకుంటూ కూర్చుంది. నాలుగో తరగతి లెక్కల పరీక్షలో పక్కవాడి పలక చూసి రాసినందుకు ఈ కొడుకునే క్లాసు బయట నిలబెట్టిన రోజు ఒకటుంది. ఇంటికి వచ్చాక వాడికంటే తనే ఎక్కువ ఏడ్చింది.

ఆశాజ్యోతి వచ్చి నాయనమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. తనకి తెలిసి నెలరోజులైందని చెప్పింది. క్లాసులో మేడమ్ స్టెరాయిడ్ పూతల గురించి చెప్తూ స్లైడ్లు వేసి చూపిస్తే, ఆ ఫొటోల్లో మొహాలన్నీ తన మొహంలాగే ఉన్నాయట. ఇంటికొచ్చి వెతికితే గాదె వెనక ట్యూబులు దొరికాయి. తల్లిని అడగలేదు. అడిగితే ఈ చదువు దేనితో నడుస్తోందో కూడా ఒప్పుకోవాలి. పదిరోజుల కిందట రాసుకోవడం మానేసింది. మానేసిన మూడోరోజు నుంచి మొహం ఇలా మండిపోతోంది.

"మళ్ళీ రాసుకుంటే తగ్గిపోతుంది మామ్మా. అదే దాని గొడవ. రాత్రి రెండుసార్లు డబ్బా దాకా వెళ్ళి వచ్చాను."

ప్రిస్కిల్లా అప్పుడు తల ఎత్తింది. కూతురు వైపు చెయ్యి చాపబోయింది. ఆ పిల్ల ఆ చెయ్యి చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. ప్రిస్కిల్లా చెయ్యి మళ్ళీ పూలలోకి వెళ్ళిపోయింది.

*

డబ్బాలు ఎవరెవరి చేతికి వెళ్ళాయో కాగితం మీద రాద్దామంది సంపూర్ణమ్మ. గుర్తున్నవాళ్ళందరికీ రేపటి నుంచి ఇల్లిల్లూ తిరిగి తనే చెప్తానంది. శ్యాంబాబు వెనక్కి తిరిగి, అలా చేస్తే మనల్ని ఊళ్ళో ఉండనిస్తారా అని అడిగాడు. కేసు పెడతారన్నాడు. ఆశాజ్యోతికి రేపు ఏ ఆసుపత్రిలోనూ ఉద్యోగం రాదన్నాడు. డబ్బాలు ఆపేద్దాం, చేసేది మానేద్దాం, జనం వాళ్ళంతట వాళ్ళే మర్చిపోతారన్నాడు. అతని గొంతులో ఇప్పుడు భయం ఉంది.

ఆశాజ్యోతి అడ్డుపడింది. పెద్దవాళ్ళకి మొహం పాడవుతుంది గాని వైద్యం చేస్తే నెమ్మదిగా బాగుపడుతుందని, తన భయం వాళ్ళ గురించి కాదని చెప్పింది.

"పసిపిల్లలకి ఎవరైనా రాస్తున్నారా అమ్మా? వాళ్ళ చర్మం పల్చగా ఉంటుంది. మందంతా ఒంట్లోకి పోతుంది."

లేదు, పసిపిల్లలకి ఎవరికీ ఇవ్వలేదు అన్నాడు శ్యాంబాబు. ప్రిస్కిల్లా చేతులు పూలలో ఆగిపోయాయి.

సంపూర్ణమ్మ మోడా మీద నుంచి లేచి నిలబడింది.

ఆత్రేయపురంలో హెలెన్ ఉంది. సంపూర్ణమ్మ చెల్లెలి కూతురు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి పుట్టిన కొడుకుకి మొన్న క్రిస్మస్‌కి బాప్తిస్మం ఇప్పించింది. పిల్లాడి తొడల సందుల్లో ఎర్రగా ఒరుసుకుపోయిందని హెలెన్ అంటే, సంపూర్ణమ్మ తన చేతులతోనే రెండు డబ్బాలు ఆమె సంచీలో పెట్టింది. రోజుకి మూడుసార్లు రాయి, మీ అమ్మకీ నీకూ కూడా ఈ పూల నూనే రాశాం, భయమేమీ లేదని మరీ మరీ చెప్పింది.

"ఆ రోజు నువ్వక్కడే ఉన్నావు ప్రిస్కిల్లా. నీ ఎదురుగానే సంచీలో పెట్టాను."

"చూశానండి."

"చూసి ఊరుకున్నావా?"

ప్రిస్కిల్లా చాట పక్కకి నెట్టింది.

"అందరూ ఉన్నారండి. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. వాళ్ళు వెళ్ళాక ఫోన్ చేసి, ఆ డబ్బాలు పాతవి, వాడకు అని చెప్దామనుకున్నాను. మర్నాడు చేద్దామనుకున్నాను. తర్వాత వారం అనుకున్నాను. రోజూ అనుకున్నానండి అత్తయ్యగారూ."

సంపూర్ణమ్మ కోడలి మొహంలోకి చూసింది. తిట్టబోయి ఆగింది. ఇచ్చింది తన చెయ్యి. భయం లేదని చెప్పింది తన నోరు. ఫోన్ తెమ్మని మనవరాలికి చెప్పింది.

శ్యాంబాబు గబగబా వచ్చి ముందు నిలబడ్డాడు. చెప్పొద్దనడం లేదన్నాడు. డేటు అయిపోయిందని చెప్పు, పారెయ్యమని చెప్పు, పిల్లాడికి రాయడం ఆగిపోతుంది, అదే కదా కావలసింది అన్నాడు. సంపూర్ణమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆ మాటలో ఒక వీలు కనపడింది. పిల్లాడూ బతుకుతాడు, ఇల్లూ నిలబడుతుంది.

"అలా ఉన్నట్టుండి ఆపకూడదు డాడీ," అంది ఆశాజ్యోతి. "ఇన్నాళ్ళు రాస్తే ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోను తయారవ్వడం మానేస్తుంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదకి రావచ్చు. డాక్టరు చూసి నెమ్మదిగా తగ్గించాలి. నిజం చెప్పకపోతే ఆ డాక్టరుకి ఎలా తెలుస్తుంది?"

శ్యాంబాబు పక్కకి తప్పుకున్నాడు.

ఫోన్ స్పీకర్లో పెట్టారు. రెండో రింగుకే హెలెన్ ఎత్తింది. ఆమె గొంతులో సంతోషం పొంగుకొస్తోంది.

"మీకు నూరేళ్ళు పెద్దమ్మా. ఇప్పుడే మీ గురించి అనుకుంటున్నాం. మావాడు ఎలా అయ్యాడో చూస్తే మీరు గుర్తుపట్టరు. బుగ్గలకి కళ్ళు కనపడట్లేదు. పూర్ణంబూరె అంటారు మీ అల్లుడుగారు. చర్చిలో అందరూ వరసగా ఎత్తుకుంటున్నారు. మీరు చెప్పినట్టే మూడు పూటలా మానకుండా రాస్తున్నాను. రెండో డబ్బా కూడా అడుగుకొచ్చింది, ఇంకో రెండు పంపించండి."

ఆశాజ్యోతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ భుజం గట్టిగా పట్టుకుని, చెవి దగ్గర చెప్పింది.

"అది బలం కాదు మామ్మా. ఆ మందుకి మొహం అలాగే గుండ్రంగా వాస్తుంది."

సంపూర్ణమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచి, ఫోన్ని రెండు చేతులతో పట్టుకుంది.

"హెలెన్, కూర్చునే మాట్లాడుతున్నావా? బాబు నీ ఒళ్ళోనే ఉన్నాడా?"

"ఉన్నాడు పెద్దమ్మా. ఏంటి అలా అడుగుతున్నారు?"

"నేనిచ్చిన డబ్బాలో పూలు ఒక్కటే లేవమ్మా. అందులో ఇంగ్లీషు మందు కలిసింది. పసిపిల్లలకి రాయకూడని మందు. నాకు ఇవాళే తెలిసింది. అయినా ఇచ్చింది నేనే. బాబు ఒళ్ళు చేసింది ఆ మందుకేనంటోంది ఆశాజ్యోతి."

అటువైపు పిల్లాడు గొంతు సవరించుకుంటున్నట్టు చిన్న చప్పుడు చేశాడు. హెలెన్ భర్త సాల్మన్ ఏమైందని అడగడం దూరంగా వినపడింది.

ఆశాజ్యోతి ఫోను అందుకుని, ఒక్కొక్క మాటే విడిగా చెప్పింది. ఇప్పుడే బయల్దేరి రాజమండ్రిలో పిల్లల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంది. డబ్బా కూడా పట్టుకెళ్ళమంది. డాక్టరు చెప్పేదాకా ఆపడం గాని, తగ్గించడం గాని సొంతంగా చెయ్యొద్దంది. జ్వరం ఏమైనా ఉందా అత్తా అని అడిగింది. రెండురోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉందని, పాలు సరిగా తాగట్లేదని, పళ్ళు వస్తున్నాయేమో అనుకున్నామని హెలెన్ చెప్పింది. ఇప్పుడామె గొంతు మామూలుగా లేదు. ఏడవడం లేదు గాని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వినపడుతోంది.

"మందు పేరు చెప్పు. డాక్టరు మొదట అదే అడుగుతాడు. ఏం కలిపారు? ఎంత కలిపారు?" అని అడిగింది హెలెన్.

సంపూర్ణమ్మ కొడుకు వైపు చూసింది. ఆశాజ్యోతి ఫోను తండ్రి ముందు పెట్టింది.

శ్యాంబాబు దాన్ని అందుకున్నాడు. నోరు తెరిచాడు. "చెల్లెమ్మా" అన్నాడు. అంతవరకే అన్నాడు. అతని బొటనవేలు ఎర్రబటన్ మీదకి వెళ్ళింది. కాల్ తెగిపోయింది.

ఫోన్ మళ్ళీ మోగింది, అతని చేతిలోనే. అతను దాన్ని చూస్తూ నిలబడ్డాడే గాని ఎత్తలేదు.

ప్రిస్కిల్లా నేలమీద నుంచి లేచింది. ఒళ్ళో పడిన పూలు రాలిపోయాయి. లోపలికి వెళ్ళి, గాదె వెనక నుంచి అట్టపెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించింది. ఖాళీ ట్యూబులు, సగం నొక్కిన ట్యూబులు కుప్పగా పడ్డాయి. భర్త చేతిలోంచి ఫోను తీసుకుంది. అతను వదిలేశాడు. ఇంకా మోగుతున్న కాల్ ఎత్తి స్పీకర్లో పెట్టింది.

"హెలెన్, నేను, ప్రిస్కిల్లా వదినని. కలిపింది నేనే. పెద్దమ్మకి ఏమీ తెలియదు. పేరు చెప్తాను, అన్నయ్యగారిని రాసుకోమను."

అటువైపు సాల్మన్ పెన్ను కోసం ఎవరినో అడుగుతున్నాడు. ప్రిస్కిల్లా బల్ల మీదకి వంగి ఒక ట్యూబు తీసి పేరు చదవబోయింది. ఆశాజ్యోతి ఆ కుప్పలోంచి ఇంకో ట్యూబు తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి పెట్టింది. మూడు రంగులు, మూడు పేర్లు. ఒకటి పెద్దవాళ్ళకి కూడా ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడేంత ఘాటైనదని ఆ పిల్ల మొహం చూస్తేనే తెలుస్తోంది.

"క్రిస్మస్‌కి ముందు కలిపింది ఏదమ్మా?"

ప్రిస్కిల్లా ఒక్కొక్క ట్యూబూ చేతిలోకి తీసుకుని చూసింది. ఆమెకి గుర్తులేదు. ఏ నెలలో ఏది తెచ్చాడో తెలిసినవాడు శ్యాంబాబు ఒక్కడే. అడగడానికి వెనక్కి తిరిగింది.

వీధి తలుపు తీసి ఉంది. గేటు బయట అతని బైకు స్టార్టయిన చప్పుడైంది.

"చెప్పండి వదినా, రాసుకుంటున్నాం," అంటోంది ఫోన్లో హెలెన్. "వదినా, ఉన్నారా?"